ఆరో నంబరు చొక్కా

(టైలరు కొట్టు, మధ్యాహ్నం. కుట్టు మిషన్ వదిలేసి లేచి నిలబడ్డ బావ, చేతిలో టేపుతో ఆయన భార్య, గుమ్మం దగ్గర ఆమె తమ్ముడు. తమ్ముడు కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. సాయంత్రం ఫైనల్.)

"కోచ్ అన్నాక బుర్ర ఉండాల్రా బామ్మర్దీ! మెళ్ళో విజిల్ ఉంటే సరిపోదు. విజిల్ కుక్కర్‌కీ ఉంటుంది!"

"బావా, తిట్లు తర్వాత. చొక్కాలయ్యాయా? గంటలో నేను జట్టు చెప్పాలి. ఇవాళ ఓడితే ఈ విజిల్ కూడా ఉండదు, ఇంకెవరి మెళ్ళోనో వేస్తారు."

"వెయ్యనీ! చొక్కాల సంగతి మీ అక్క చూసుకుంటోంది. నువ్వు నాకు జవాబు చెప్పు. సెమీఫైనల్లో మన తొమ్మిదో నంబరువాడు విరామంలోపే రెండు గోల్స్ వేశాడా లేదా?"

"వేశాడు. అందరూ అన్నారు."

"అందరూ అనడమేంట్రా? నువ్వు అక్కడే ఉన్నావుగా?"

"ఉన్నాను బావా, ఉన్నాను. ఉన్నాన్లే."

"ఏమండీ, చేతులెత్తండి."

"ఇప్పుడెందుకే చేతులు?"

"కొలతలకి. ఎత్తండి."

"ఎత్తానులే. ఆఁ, ఏమంటున్నా? అలాంటి మెరుపులాంటి కుర్రాణ్ణి విరామం తర్వాత కూర్చోబెడతావా? ఆ ఆరో నంబరు దిమ్మని ఉంచుతావా? గెలిచే మ్యాచ్ చేజేతులా సమం చేసుకున్నాం. పెనాల్టీల్లో వాళ్ళు గోడకేసి కొట్టబట్టి బయటపడ్డాం గానీ!"

"నువ్వేగా బావా ఆరుని తియ్యమన్నావు! గ్యాలరీలోంచి నీ గొంతు బస్టాండు దాకా వినబడింది. తీసేశాను."

"ఎవర్ని?"

"ఆరుని."

"తొమ్మిదిని తీశావ్!"

"ఆరునే తీశాను బావా!"

"ఒరేయ్, నా కళ్ళతో చూశాను. తొమ్మిది బెంచీ మీద కూర్చున్నాడు. ఆరు మైదానంలో నిలబడ్డాడు. నిలబడ్డమేగా వాడికొచ్చింది!"

"ఆరంటే మన పొడుగోడేగా? 'పొడుగోడా, నువ్విక కూర్చో' అన్నాను. కూర్చున్నాడు. అంతే."

"ఊపిరి బిగబట్టకండీ. పొట్ట వదలండి."

"వదిలానే తల్లీ! ఇదే నా పొట్ట!"

"ఇదా! సరే, ఇంకో ముక్క వెయ్యాలి."

"ముక్కేంటి? సర్లే. చూడరా, కోచ్‌లందరూ ఒకటే. టీవీలో ఆ పెద్ద క్లబ్బు కోచ్‌ని చూశావా? సూటేసుకుని గీత పక్కన నిలబడతాడు. ఆ కోటు భుజాలు మోచేతుల దాకా జారిపోయాయి! తన భుజం ఎక్కడుందో తెలియనివాడు డిఫెన్స్ ఎక్కడుండాలో చెప్తాడా?"

"పోయినేడు కప్పు కొట్టాడు బావా ఆయన."

"జట్టు కొట్టింది. ఈయన పక్కన నిలబడ్డాడు."

"ఓడితే మాత్రం కోచే ఓడినట్టా?"

"మరి? ఓడితే పదకొండుమందినీ తిట్టలేంగా, నోరు నొప్పి పుడుతుంది. వాళ్ళ గోల్‌కీపరు ఇంకొకడు. చేతికి అంతంత గ్లవుజులు! అవేసుకుని బంతి పట్టడం కంటే వేడి గిన్నె దించడం నయం."

"వెనక్కి తిరగండి."

"తిరిగా. మా రోజుల్లో..."

"నువ్వెప్పుడు ఆడావు బావా?"

"ఆడితేనే తెలుస్తుందా? నిక్కరు కుట్టిచ్చినవాణ్ణి. కుర్రాడు ఎలా పరిగెడతాడో కొలతలు తీసేటప్పుడే చెప్తా. నీ ఆరో నంబరువాడు టేపు పెడితేనే మెలికలు తిరిగాడు. వాడేం గోల్ వేస్తాడు? ఈ మధ్య మరీ కుంచించుకుపోయాడు కూడా. పొట్టిగా కనిపిస్తున్నాడు. తొమ్మిది చూడు, గోల్స్ వేసేసరికి ఎంత పొడుగయ్యాడో!"

"తొమ్మిది పొడుగేంటి బావా? వాడు నా భుజం దాకా కూడా రాడు."

"వస్తాడు! మొన్న తలతో కొట్టాడు రెండో గోల్!"

"మన బుడ్డోడు తలతో కొట్టాడా?"

"ఇదిగో, ఇలా. ఎగిరి."

"చేతులు దించకండి!"

"ఉండవే! ఒరేయ్, నిజం చెప్పు. ఆ గోల్ నువ్వు చూళ్ళేదూ?"

"బావా, టైమవుతోంది."

"చూళ్ళేదు కదూ?"

"బావా, ఎవరికీ చెప్పనని మాటివ్వు. అక్కా, నువ్వు కూడా."

"నా నోట్లో గుండుసూదులున్నాయిలేరా. చెప్పు."

"నేను చూస్తే ఓడిపోతాం. అందుకని బంతి కదిలినంతసేపూ కళ్ళు మూసుకుంటాను."

"ఏంటీ?"

"అంటే, పూర్తిగా కాదు. త్రో వేసేటప్పుడు ఓ కన్ను తెరుస్తా."

"చేతుల్లో మొహం పెట్టుకుంటే ఏదో ఎత్తు ఆలోచిస్తున్నాడనుకున్నాన్రా! నా పక్కవాడితో కూడా చెప్పాను, చూడండి మా బామ్మర్ది ఎంత లోతుగా ఆలోచిస్తున్నాడో అని!"

"అరవకు బావా, బయటికి వినపడుతుంది. విరామంలో మాత్రం కళ్ళు తెరిచే ఉన్నాను. పొడుగోడు తువ్వాలు కప్పుకుని నీళ్ళు తాగుతున్నాడు. కూర్చోమన్నాను. అంతవరకు నాకు పక్కాగా తెలుసు."

"తువ్వాలు కప్పుకున్నాడా?"

"ఆఁ."

"వీపు మీద అంకె కనపళ్ళేదు?"

"లేదు. ఏం?"

"ఏం లేదు."

"బావా, ఏంటి మొహం అలా పెట్టావు?"

"ఏం లేదంటున్నానా! ఏమోయ్, కాసిని మంచినీళ్ళు."

"బావా!"

"అది కాదురా. సెమీస్ ముందు చొక్కాల మీద అంకెలు ఊడిపోతున్నాయని మళ్ళీ కుట్టింది నేనే. ఆరుకీ తొమ్మిదికీ కత్తిరించేది ఒకటే అట్టతో. తిరగేస్తే సరిపోతుంది. ఆ రోజు ఇక్కడ టీవీలో మ్యాచ్ వస్తోంది. ఆ కోచ్‌ని తిడుతూ కుట్టాను. తిడుతూ తిడుతూ తిరగేశానేమో..."

"కొంప ముంచావు బావా! అంటే మొన్న రెండు గోల్స్ వేసింది పొడుగోడా? నీ మాట విని నేను తీసింది వాణ్ణేనా?"

"నేను ఆరు అన్నాను! అంకె చూసి అన్నాను! అంత దూరం నుంచి మొహాలు కనిపిస్తాయా?"

"మొహం కనపడకుండానే ఏడాదంతా తిట్టావా వాణ్ణి?"

"నువ్వు ఏడాదంతా కళ్ళు మూసుకున్నావు! నన్నంటావేం?"

"ఇద్దరూ ఆపండి. అంకెలు సరిగ్గానే ఉన్నాయి."

"సూదులు తీసి చెప్పవే, అర్థం కావట్లేదు."

"అంకెలు సరిగ్గానే కుట్టారంటున్నా. చొక్కాల్లో పిల్లలే మారారు."

"మారడమేంటక్కా?"

"సెమీస్ ముందు రోజు ఇద్దరూ వచ్చార్రా. మీ బావ టీ తాగడానికి వెళ్ళారు. ఆ పొడుగబ్బాయి ఇదిగో ఈ బల్ల దగ్గరే నిలబడి ఏడ్చాడు. 'ఆంటీ, నాకు ఆరు వద్దు. ఏ నంబరైనా పర్లేదు, ఆరు వద్దు' అన్నాడు. బంతి వాడి కాళ్ళ దగ్గరికి రాకముందే 'దిమ్మా, కదలరా' అని ఎవరో అరుస్తారట. ఆ అరుపు విన్నాక కాళ్ళు వాడి మాట వినవట."

"'ఎవరో' అన్నాడా? నేనని తెలీదా?"

"తెలుసు. నా ఎదురుగా అనలేక 'ఎవరో' అన్నాడు. వాళ్ళమ్మ మ్యాచ్‌లకి రావడం మానేసిందట. మీ వెనక వరసలోనే కూర్చునేదట ఆవిడ."

"అయ్యో. ఆవిడా? గొడుగు పట్టుకొచ్చే ఆవిడా? నాకొకసారి పల్లీలు కూడా పెట్టిందే!"

"తిన్నారా?"

"తిన్నాను. తిని మళ్ళీ అరిచాను. ఛీ!"

"మరి బుడ్డోడు ఎలా ఒప్పుకున్నాడక్కా?"

"'నాకివ్వండాంటీ, ఒక్క మ్యాచేగా, నేను పడతా ఆ తిట్లు' అన్నాడు. పొడుగబ్బాయి చొక్కా బుడ్డోడికి పొట్టి చేసి, బుడ్డోడిది వీడికి అంచు విప్పి పొడుగు చేశాను. కాసేపటికే బుడ్డోడిక్కూడా కాళ్ళు తడబడ్డాయట పాపం. వీడు మాత్రం ఏకంగా రెండు గోల్స్ వేసి కూర్చున్నాడు."

"అంటే మొన్న మెరుపు మెరుపని నేను గొంతు చించుకున్నది..."

"మీ దిమ్మని చూసే."

"నేను ఆట మీద ప్రేమకొద్దీ అరుస్తానే. నిజంగా."

"నాకు తెలుసు. ఆ పిల్లాడికి తెలీదుగా."

"ఒరేయ్ బామ్మర్దీ."

"చెప్పు బావా."

"ఇవాళ వాణ్ణి దింపు. ఎవరేమన్నా తియ్యకు. నేనన్నా సరే. ముఖ్యంగా నేనంటే అసలు తియ్యకు."

"తియ్యను. కానీ నువ్వు అరుస్తావుగా?"

"ఒప్పందం చేసుకుందాం. నువ్వు కళ్ళు తెరువు, నేను నోరు మూస్తా."

"మ్యాచ్ మొత్తమా?"

"మొత్తం! పెనాల్టీ వస్తే మాత్రం చిన్నగా దగ్గుతా."

"సరే. అక్కా, మరి పొడుగోడికి ఏ నంబరు?"

"పదహారు. రాత్రే కుట్టేశాను. బుడ్డోడి తొమ్మిది మళ్ళీ వాడికే ఇచ్చేశాను. లెక్క సరిపోయింది, మూట కట్టాను, తీసుకెళ్ళు."

"మరి బల్ల మీద ఆ ఆరో నంబరు చొక్కా ఏంటే? పక్కలు విప్పి పిన్నులు పెట్టావు? ఎవరికది? జట్టులో అంత లావు వాడెవడు?"

"ఇంతసేపూ ఎవరి కొలతలు తీశాననుకున్నారు?"

"నాకా!"

"గ్యాలరీలో వేసుకు కూర్చోండి. ఆరుని తిట్టాలనిపించినప్పుడల్లా పక్కవాళ్ళు ఎవరి వీపు చూస్తారో మీకే తెలుస్తుంది."

"నవ్వకురా! ఏమోయ్, ఇది వేసుకుని జనంలోకి నడవమంటావా? అందరూ చూస్తారే! నాకు కాళ్ళు కదలట్లేదు!"

"ఆరు గారూ! దిమ్మలా నిలబడ్డారేం? కదలండి!"