పెట్టెలోని పొడుగు తీగ

ముస్తాక్ తయారుచేసిన బోరు మోటారు స్టార్టర్ పెట్టె ల్యాబ్ పరీక్షలో తప్పి గిద్దలూరుకు తిరిగొచ్చింది. కూతురు సనా దాని మూత విప్పుతుంటే అతనికి కాలు నిలవడం లేదు.

“ఈ తీగ ఇంత పొడుగు ఎందుకు వదిలినావు అబ్బా?”

“రేపు రిపేరుకొస్తే చేతికి అందాల గదా. మా ఉస్తాద్ అట్లనే నేర్పినాడు.”

“అదే ఏరియల్ మాదిరి గరగర బయటికి పంపుతాంది. ఆ గరగర ఉంటే సర్టిఫికెట్ ఇయ్యరు.”

“అయితే కత్తిరించు.”

సనా తీగను పొట్టిగా కత్తిరించి, మళ్లీ అతికించి, పెట్టె ఆన్ చేసింది.

“తగ్గిందో లేదో ఇక్కడెట్ల తెలుస్తాది బేటీ?”

“ల్యాబ్‌కే పోవాల.”

అంతలో వంటింట్లోంచి భార్య లాల్బీ కేకేసింది.

“ఎన్నేండ్లు అడిగితే ఇయాళ బాగుచేసినావా నా రేడియో? ఇన్నాళ్లూ గరగరే, ఇప్పుడు పాట శుభ్రంగా వినపడతాంది.”

ముస్తాక్ ఆ రేడియోను ముట్టుకోనే లేదు.

“టికెట్టు తీయి బేటీ.”