ఏడో విజిల్

అందరికీ నమస్కారం.

పనిరోజైనా సెలవు పెట్టి, ఈ వానలో, చంటిపిల్లల్ని కూడా ఎత్తుకుని మన బీకరక్క కోసం ఇంతమంది వచ్చారు. స్కూలు భోజనాల గది ఇంత నిండుగా ఉండి ఇంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ముందు వరసలో అక్క కూతురు ఉన్నారు. రెండు విమానాలు మారి నిన్న చేరుకున్నారు. వెనక మన క్వార్టర్స్ వాచ్‌మన్ ఉన్నారు. ఆయనకు మన భాష రాదు. అయినా వచ్చి కూర్చున్నారు.

నా గొంతు మీలో చాలామంది విని ఉండరు. నేను ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిషు చెబుతాను. స్టాఫ్ రూములో కిటికీ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషిని. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. నేనే అడిగి నిలబడ్డాను. అక్క ఆఖరి ఉదయం గురించి నేను ఒక మాట దాచాను. అది ఇవాళ చెప్పాలి. చెప్పకుండానే కూర్చుంటానేమోనని భయం. చెప్పాక మీరు నన్నెలా చూస్తారోనని ఇంకా భయం.

ముందు అక్కను గుర్తు చేసుకోనివ్వండి.

మన కెమిస్ట్రీ టీచరుకు ఆ పేరు ఎలా వచ్చిందో ఆవిడ వంటింట్లోకి వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. బియ్యం బీకరుతో కొలిచేవారు, నీళ్ళు బీకరుతో కొలిచేవారు. 'ల్యాబుది కాదర్రా, నేను కొనుక్కున్నదే' అని అడక్కముందే చెప్పేవారు. అంత లెక్కగల మనిషి ఉప్పు మాత్రం చేత్తో విసిరేవారు. అదేమిటక్కా అంటే, 'సైన్సు బియ్యం దాకానే. ఉప్పు దగ్గర ఎవరి చెయ్యి వాళ్ళదే' అన్నారు. నేను అది కూడా నోట్సులో రాసుకుంటుంటే, 'ఓసి పుస్తకాల పురుగా, నీకు ఆకలేసినా ముందు విషయసూచిక చూస్తావే' అన్నారు.

ఈ దేశంలో నా మొదటి క్లాసు గురించి చెప్పాలి. నలభై రెండు మంది పిల్లలు. హాజరు పిలిచాను. ఆ తర్వాత నోరు పెగలలేదు. మంచినీళ్ళు తాగొస్తానని బయటికి వచ్చి, కెమిస్ట్రీ ల్యాబు వెనక సామాన్ల గదిలో దాక్కున్నాను. టీచరు చేసే పనేనా అది? టెస్ట్‌ట్యూబుల కోసం వచ్చిన అక్క నన్ను చూశారు. ఏమైందని అడగలేదు. 'ఏమ్మా, చాక్‌పీసు కరిచిందా?' అన్నారు. ఏడుస్తూనే నవ్వాను. నన్ను క్లాసు గుమ్మం దాకా నడిపించి, గంట కొట్టేదాకా వరండాలోనే నిలబడి పేపర్లు దిద్దుకున్నారు. కిటికీలోంచి ఆవిడ భుజం కనిపిస్తూ ఉంటే నేను పాఠం చెప్పాను. ఆ రోజు ఆ భుజం లేకపోతే నేను మర్నాడే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేదాన్ని.

మా ఇద్దరి వంటిళ్ళకు మధ్య ఒకటే గోడ. పల్చటి గోడ. రోజూ ఉదయం ఆరున్నరకు అక్క కుక్కర్లో పప్పు పెట్టేవారు. మూడు విజిల్స్. మూడోది రాగానే నేను గరిటెతో గోడ మీద రెండుసార్లు కొట్టాలి. ఆవిడ లేచారని నాకు, నేను లేచానని ఆవిడకు. ఒంటరిగా ఉండే ఇద్దరు ఆడవాళ్ళం చేసుకున్న ఏర్పాటు అది. ఫోన్లు ఉన్నాయి కదా అనుకుంటారు. ఫోను మోగితే నేను తియ్యనని అక్కకు తెలుసు.

పోయిన ఏడాది ఒక ఉదయం నేను గోడ కొట్టలేదు. ఒళ్ళు తెలియని జ్వరం. పది నిమిషాలు కాలేదు, వాచ్‌మన్ దగ్గరున్న తాళంతో తలుపు తీయించి అక్క లోపలికి వచ్చేశారు. ఒక చెంపకు పౌడరు ఉంది, ఇంకో చెంపకు లేదు. కళ్ళు తెరిచి నేనన్న మొదటి మాట ఏమిటో తెలుసా? 'అక్కా, తలుపు కొట్టాల్సింది.' జ్వరంలో కూడా నాకు మర్యాదే గుర్తొచ్చింది. 'కొట్టి నిలబడడానికి నేనేమన్నా పోస్టుమ్యాన్నా? ముందు నోరు తెరువు, థర్మామీటరు పెట్టాలి' అన్నారు. ఆ వారమే తన ఇంటి తాళంచెవి ఒకటి నా చేతిలో పెట్టారు. 'నాకేదైనా అయితే కొట్టకు. తలుపు తీసుకుని లోపలికి వచ్చెయ్' అన్నారు.

ఇప్పుడు ఆ మాట చెబుతాను.

పోయిన మంగళవారం. మూడు విజిల్స్ వచ్చాయి. నేను గోడ కొట్టాను. నాలుగోది వచ్చింది. ఐదోది వచ్చింది. సైన్సు టీచర్ల మీటింగు ఉంది కదా, శనగలు ఉడకబెడుతున్నారేమో అనుకున్నాను. మధ్యాహ్నం నాకూ ఒక డబ్బా వస్తుందని సంతోషపడ్డాను. అవును, సంతోషపడ్డాను. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఏడు దాకా లెక్కపెట్టాను. కింద స్కూలు బస్సు హారన్ కొట్టింది.

వెళుతూ అక్క తలుపు దగ్గర ఆగాను. ఒక్కసారి కొట్టాను. మా కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన పద్ధతి అది. ఒక్కసారే కొట్టాలి, లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా ఆగాలి, పిలవకపోతే వెళ్ళిపోవాలి. పిలుపు రాలేదు. స్నానంలో ఉన్నారు, తర్వాతి బస్సులో వస్తారులే అనుకున్నాను. లోపల ఇంకా విజిల్ వస్తూనే ఉంది. తాళంచెవి నా బ్యాగులో ఉంది. చెయ్యి లోపల పెట్టాను కూడా. చల్లగా తగిలింది. పిలవని ఇంట్లోకి ఎలా వెళ్ళడం అని సిగ్గేసింది. వెళ్ళి బస్సెక్కాను.

పది గంటలకు మాడు వాసన వచ్చి వాచ్‌మన్ తలుపు తీశారు. అక్క స్టవ్ పక్కన నేల మీద ఉన్నారు. ఆస్పత్రికి చేర్చిన గంటకు ప్రాణం పోయింది. అంటే, నేను గుమ్మంలో నిలబడినప్పుడు అక్క బతికే ఉన్నారు.

అమ్మా, అక్క కూతురుగారూ. ఆ రోజు ఫోనులో మీరు నన్ను అడిగారు. 'పొద్దున అమ్మ బాగానే ఉందాండీ?' అని. అంతా మామూలుగానే ఉందండీ అన్నాను. అది అబద్ధం. మామూలుగా లేదు. నాకు వినిపించింది. నేను విని కూడా వెళ్ళిపోయాను.

ముందే తలుపు తీసి ఉంటే అక్క దక్కేవారా? నాకు తెలియదు. డాక్టరును అడగలేదు. ఆయన అవునంటాడేమోనని భయం. ఈ ఆరు రోజులూ ఆ భయంతోనే లేస్తున్నాను, ఆ భయంతోనే పడుకుంటున్నాను. తెలుసుకునే హక్కు మీకుంది. మీరు అడగాలనుకుంటే రేపు ఉదయం ఆస్పత్రికి నేనూ వస్తాను. మీ పక్కనే నిలబడి ఆయన ఏం చెబితే అది వింటాను. నన్ను క్షమించమని ఈ సభలో అడగను. ఇంతమంది ముందు అడిగితే మీకు కాదనే వీలుండదు. అది న్యాయం కాదు.

మిగతా అందరికీ ఒక్క విన్నపం. మనం ఇక్కడ ఎవరికీ ఇబ్బంది కాకూడదని ఎంతో జాగ్రత్తగా బతుకుతాం. చప్పుడు కాకుండా నడుస్తాం, అడక్కుండా ఎవరింటికీ వెళ్ళం. ఆ మర్యాదకు ఎంత ఖరీదు చెల్లించామో చూశారు. ఎవరైనా తలుపు తీయకపోతే సిగ్గుపడకండి, తీసుకుని లోపలికి వెళ్ళండి. తిట్టించుకోండి. తిట్టే మనిషి ఉంటే చాలు.

ఇప్పుడు అందరూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. ఇలాంటప్పుడు కళ్ళు మూసుకోవడం అలవాటు. ఇవాళ మూసుకోవద్దు. మీ పక్కనున్న మనిషి ముఖం చూస్తూ నిలబడండి. ఎవరికైనా కాళ్ళు వణుకుతుంటే పట్టుకోండి. అడగకుండానే పట్టుకోండి.