తొలి ముద్దతో మాత్ర

"పెద్దమ్మగారూ, మా శారద మేడమ్ మీ ఇంటికి భోజనానికొచ్చిన రోజు సంగతి చెప్పరూ? ఫోన్లో రికార్డు పెట్టానండి."

పెట్టేశారా? ఆయ్, అయితే దాన్ని కొంచెం ఇటు జరపండమ్మా. మా ఆయన హాల్లో టీవీ చూస్తున్నట్టు నటిస్తున్నారు గానీ చెవులు రెండూ ఇక్కడే ఉన్నాయి. విననివ్వండి. ఇన్నేళ్ళూ నేను ఆయన మాటలు వినలేదా ఏంటి.

భోజనం సంగతి చెప్పాలంటే ముందు మా మనవరాలి సంగతి చెప్పాలి. బుజ్జమ్మ, మా అబ్బాయి కూతురు. దానికి పుట్టుకతోనే కిడ్నీలు చిన్నవి, సరిగ్గా పని చెయ్యవు. అది ముందునుంచీ తెలుసు. అయితే ఆరో ఏట, కాదు కాదు, ఒకటో తరగతి అయిపోయిందంటే ఏడే, ఆ ఎండాకాలం నడుస్తుంటే మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి కొట్టుకోవడం మొదలెట్టాయి. పాదాలేమో చెరో పక్కకీ పోయేవి. స్కూల్లో పిల్లలు దీనిలా నడిచి చూపించి నవ్వేవారంట. అది ఇంటికొచ్చి చెప్పేది కాదు, గౌను మోకాళ్ళ కిందకి లాక్కుని కూర్చునేది. 

ఇక చూస్కోండి, మా చుట్టాలందరూ డాక్టర్లైపోయారు. పాలు చాలక ఎముక వంగిందన్నారు. మా ఆడపడుచు రోజూ క్యానుడు గేదెపాలు పంపించేది. మా తోటికోడలు పొట్టేలు కాళ్ళ సూపు కాచి తెచ్చేది. ఇంకొకావిడ ఎండు నెత్తళ్ళు పొడి కొట్టి అన్నంలో కలపమంది. మా వాళ్ళకి మనిషి మీద ప్రేమొస్తే పెట్టడం ఒక్కటే తెలుసండి. వద్దంటే ఇంకో గరిట వేస్తారు.

రాజమండ్రిలో ఎముకల డాక్టరుగారు కాళ్ళు ఆపరేషన్ చేసి తిన్నగా చేస్తానన్నారు. కానీ ముందు కిడ్నీల డాక్టరు, మీ శారదగారికి చూపించి రమ్మన్నారు. పిల్లల కిడ్నీలు పాడైతే ఎముకలేమవుతాయో ఆవిడ దాని మీదే పరిశోధన చేస్తున్నారు కదా. అంత పేరున్న మనిషి, ఎలా ఉంటారో అనుకున్నాను. తీరా చూస్తే బక్కపల్చటి మనిషి, జుట్టుకో రబ్బరు బ్యాండు, కాళ్ళకి హవాయి చెప్పులు. మా ఆయన ఆవిణ్ణి నర్సనుకుని "డాక్టరుగారెప్పుడొస్తారమ్మా" అన్నారు. "వచ్చేశారండి, కూర్చోండి" అంది ఆవిడ.

బుజ్జమ్మ ఎడం చేతికి ఎక్స్‌రే తీయించారు. మా ఆయన ఊరుకోరుగా. "కాళ్ళు వంకరైతే చెయ్యి ఫొటో తీస్తారేంటండీ? మోటారు పాడైతే కరెంటు స్తంభం ఎక్కినట్టుంది" అన్నారు. చేతి ఎముకలు చూస్తే పిల్ల ఎముకలు ఎంతవరకు ఎదిగాయో తెలుస్తుందని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఆ తర్వాత ఏమన్నారనుకున్నారు? పాలు తగ్గించండి, ఆ సూపు, ఆ ఎండుచేపల పొడి మానెయ్యండి అన్నారు. మా ఆడపడుచు వింటే అక్కడే పడిపోయేది!

ఆవిడ చెప్పిందేంటంటే, మనం తినే వాటిల్లో ఫాస్ఫరస్ అని ఒకటుంటుందంట. మంచి కిడ్నీ అయితే ఎక్కువైనదాన్ని బయటికి తోసేస్తుంది. దీని కిడ్నీ తొయ్యలేదు. అది రక్తంలో పేరుకుంటే ఎముకల్లో ఉన్న సున్నమంతా ఊడిపోతుందంట. "ఇప్పుడు ఆపరేషన్ చేస్తే కాళ్ళు మళ్ళీ వంగిపోతాయండి. ముందు రక్తం దారికి రావాలి, ఆ తర్వాతే కత్తి" అన్నారు. కొన్ని మాత్రలిచ్చారు. అందులో ఒకటి సున్నం మాత్ర, అదే కాల్షియం, భోజనంతో పాటు నమిలించమన్నారు. మా కోడలు బుద్ధిగా తలూపింది.

ఆ సున్నం అనే మాట మా ఆయన చెవిన పడింది చూడండి, అక్కడొచ్చింది తంటా. మాకు రొయ్యల చెరువులున్నాయి కదా. రొయ్యకి పెంకు మెత్తబడితే ఈయన చెరువులో ఏవేవో మినరల్స్ వేయిస్తారు, సున్నం చల్లిస్తారు. "పెంకు గట్టిపడాలంటే ఏం చెయ్యాలో నాకు చెప్తారా? సున్నం తెల్లారకముందే పడాలి. ఎండెక్కాక వేస్తే ఏం లాభం?" అని మాత్రల డబ్బా కోడలి చేతిలోంచి లాక్కున్నారు. నిద్దట్లో ఉన్న పిల్లని లేపి, మొహం కడిగించి, పరగడుపున ఆ మాత్ర నమిలించేవారు. అదేమో కళ్ళు మూసుకునే నమిలేది. "మావయ్యగారూ, అన్నంతో వెయ్యమన్నారండీ" అని కోడలంటే "నువ్వు చెరువు చేశావా ఎప్పుడైనా?" అనేవారు. నేనన్నాను, అది చెరువు కాదండీ పిల్ల అని. నా మాటెవరు వింటారు.

నెలలు పోతున్నాయి, రక్తం పరీక్షల్లో తేడా లేదు. మోకాళ్ళు ఇంకా దగ్గరైపోతున్నాయి. ఒకసారి ఆసుపత్రిలో కుర్రాడెవరో "మాత్రలు వెయ్యట్లేదేమోనండీ" అన్నాడంట. అమ్మో, మా ఆయన ఇల్లు పీకి పందిరేశారు. "నా చేత్తో నేను వేస్తున్నాను, నన్ను దొంగని చేస్తారా" అని శారదగారికే ఫోన్ చేశారు. "అయితే ఒకసారి మీ ఇంటికొస్తానండి" అన్నారావిడ. క్షమాపణ చెప్పడానికొస్తోందని ఈయన తెగ మురిసిపోయి, వంటవాళ్ళని పిలిపించారు.

ఆ వడ్డన చెప్పనక్కర్లేదు. రొయ్యల ఇగురు, చేపల పులుసు, కోడి పలావు, ఇంకా నాలుగు రకాలు. ఆవిడ చాలండి అంటుంటే ఈయన పక్కన నుంచుని వేయిస్తూనే ఉన్నారు. ఎదురుగా బుజ్జమ్మ తనకి వేరేగా వండింది ముద్దలు పెట్టుకుంటోంది. ఆవిడ దాన్నే చూస్తూ "పాప మాత్ర ఏదండీ?" అన్నారు.

"పొద్దున్నే అయిపోయిందండి! తెల్లారకముందే!" అన్నారు మా పెద్దమనిషి, బహుమతిచ్చినట్టు.

ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. కోప్పడలేదమ్మా. "మీ చెరువులకి కాపలా ఉందాండీ?" అని అడిగారు.

"లేకపోతే ఎలాగండీ? రాత్రంతా ఉంటాడు."

"పగలెందుకు ఉండడు?"

"దొంగలొచ్చేది రాత్రి కదండీ!"

"మరి మీ మనవరాలికి ఆ ఫాస్ఫరస్ దొంగొచ్చేది అన్నంలోనండి. దాన్ని కడుపులోనే పట్టుకోవడానికి మాత్ర ఇచ్చాను. మీరేమో కాపలావాణ్ణి తెల్లారగట్ల పిలిచి, దొంగొచ్చే వేళకి ఇంటికి పంపించేస్తున్నారు."

 మా ఆయన వడ్డన ఆపించేశారు. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను చెయ్యలేని పని ఆ బక్కమనిషి రెండు ముక్కల్లో చేసింది. నవ్వొచ్చింది నాకు, నిజం చెప్పొద్దూ. కానీ ఆయన బుజ్జమ్మ మోకాళ్ళకేసి చూసిన చూపు చూసి ఏడుపొచ్చింది.

ఆ పూట నుంచి అది తినేటప్పుడల్లా ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్నారు. చెరువు మీద గొడవొచ్చినా కదల్లేదు. తొలి ముద్దతో మాత్ర. మెల్లమెల్లగా రక్తం దారికొచ్చింది. ఎముక గట్టిపడిందని శారదగారన్నాకే ఆ ఎముకల డాక్టరుగారు మోకాళ్ళ దగ్గర చిన్న ప్లేట్లు వేశారు. కాళ్ళు ఎదుగుతూ ఎదుగుతూ తిన్నగా వచ్చాయి. కిడ్నీ మాట వేరే. అది ఎప్పటికైనా మార్చాల్సిందేనంట. నాది ఇస్తానన్నాను, ముసలి సరుకు పనికిరాదన్నట్టు నవ్వారు శారదగారు. భయం లేదా అంటే ఉందమ్మా, లేకుండా ఎలా ఉంటుంది.

మొన్నామధ్య మా మరిదిగారి మనవడి పెళ్ళి, భీమవరంలో. బంతిలో అందరికంటే పెద్ద మా ఆయనే. ఆయన ముద్ద ఎత్తితే గానీ ఎవరూ ముట్టుకోరు. ఆకులు నిండిపోయాయి. బుజ్జమ్మ చిన్నగా "తాతగారూ, మాత్ర కార్లో ఉండిపోయిందండి" అంది. అంతే, ఈయన చేతులు కట్టుకుని కూర్చున్నారు. డ్రైవరు పరుగెత్తాడు. బంతి బంతంతా, మా చుట్టాల్లో పెద్ద పెద్ద రాజుగార్లందరూ, నోరూరుతున్నా ఆకు ముందు బొమ్మల్లా కూర్చున్నారు. వియ్యంకులవారు "చల్లారిపోతోంది, కానివ్వండి" అంటే "మా పాప మాత్ర రావాలండి" అన్నారు, గట్టిగా, అందరికీ వినపడేలా. స్కూల్లో నవ్వులపాలైన పిల్లండి అది. మాత్ర వచ్చింది. నింపాదిగా నమిలింది, ముద్ద పెట్టుకుంది, "ఇంక మీరు తినండి తాతగారూ" అంది. అప్పుడు తిన్నారు అందరూ.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని చూసి నాకు గర్వమనిపించింది ఆ రోజేనమ్మా. వినపడిందాండీ హాల్లోకి? టీవీ సౌండు తగ్గించారు చూడండి!

మీ మేడమ్‌తో మీరు చేసే ఈ పరిశోధన ఎప్పటికి పూర్తవుతుందో నాకు తెలీదు గానీ, మీ చేతిలో పడ్డ ప్రతి పిల్లా తిన్నగా నిలబడాలి తల్లీ, మీరూ చల్లగా ఉండాలి. లేవకండి, కోడలు ఆకులు వేసేస్తోంది. బుజ్జమ్మ కూడా స్కూలు నుంచి వచ్చేస్తుంది, అది వచ్చి మాత్ర నమిలాకే...