తేలిన లెక్కను మల్ల తెరిచిన్రు

"అవ్వా, తాత హాలియల ఎరువుల దుకాణం ఎందుకు బంద్ పెట్టిండు?"

ఏం జెప్పాలె బిడ్డా. నువ్వు వకీలు సదువుతున్నవు గాబట్టి జెప్తున్న, లేకుంటె గా ముచ్చట నేను తియ్యనే తియ్య.

తెలంగాణ వచ్చిన కొత్తల దుకాణం మీద రెండర్రల ఇల్లు కట్టినం. దేవరకొండ దిక్కున్న గొర్లమందను మీ పెద్దతాతకే అమ్మి కట్టినం. గొర్లకు గప్పుడేం ధర? ఇప్పుడు జూడు, ముట్టుకుంటె కాలుతది. ఆఁ, యాడున్న... అర్రలు. ఇన్‌కంటాక్సోళ్లు నల్లగొండకు పిలిచి, "ఇల్లు ఏ పైసలతోని కట్టినవ్?" అన్నరు. మీ తాత అన్ని కాయితాలు ముందట వెట్టిండు. గా సారు పానంబెట్టి సూసిండు, ఒప్పుకొని రాసిచ్చిండు. గా దినం మీ తాత మిఠాయి తెచ్చిండు తెల్సా!

ఐదేండ్లకు, కాదు కాదు, నీ తమ్మున్ని బడిల ఏసిన యాడాది, ఇల్లు కట్టిన ఆరేండ్లకు, మల్ల నోటీసొచ్చింది. గదే ఇల్లు, గవే పైసలు. మీ తాత ఉరికిండు. "ఒకసారి సూసి సరే అన్నరు గద సారూ?" అంటె, కొత్త సారు, "అప్పటాయన సరిగ్గ సూడలే" అన్నడట. గంతే. పన్నేసిండు, బ్యాంకుల ఖాతా ఆపిచ్చిండు. వానకాలం ముంగట దుకాణంల బస్తా లేకపాయె. రైతులు ఇంకో దుకాణం సూసుకున్నరు.

మీ పెద్దతాత? గాయనకు భయం పట్టింది. "గొర్లు కొన్నోడని నా పేరు తియ్యకు తమ్మీ, రేపు నా ఇంటికొస్తరు" అన్నడు. మన గడప తొక్కుడే బంద్ జేసిండు. మీ తాతకు పన్ను కంటె గదే ఎక్కువ కొట్టింది, జర మనసున పెట్టుకో.

పట్నంల వకీలు మంచోడు. "అడిగి తేల్చిన లెక్కను నాలుగేండ్లు దాటినంక తెరవాలంటె నువ్వు ఏదన్న దాచి ఉండాలె. నువ్వేం దాచలే. పాత కాయితాలే సూసి మనసు మార్చుకుంటె చెల్లది పెద్దాయనా" అన్నడు. హైకోర్టుల కేసేసిండు. వాయిదాలు, వాయిదాలు. మీ తాతకు గా నడుమల్నే పక్షవాతమొచ్చింది. దవాఖాన నుంచి వచ్చినంక దుకాణం తాళం తియ్యనే లేదు.

గెలిచినం బిడ్డా. నోటీసు చెల్లదన్నరు, పన్ను కొట్టేసిన్రు. నేను మంచం కాడ కూసొని చెవుల జెప్పిన. నోరు వంకరపోయింది గద, మాట ముద్దముద్దగొస్తది. "మల్ల లెక్క తెరుస్తరా?" అన్నడు. తెరవరయ్యా, జడ్జే జెప్పిండు అన్న. నమ్మలే. నాలుగు నెలలు బతికిండు, వాకిట్ల బండి ఆగితె ఉలిక్కిపడుడే.

మీ తాత సావుకు మీ పెద్దతాత వచ్చిండు. తమ్ముని కాళ్లకాడ కూలవడి ఏడ్సిండు. నేను పో అనలే, రా అనలే...

నువ్వు సల్లగుండు తల్లీ. పెద్ద వకీలువై, మీ తాతసొంటోళ్లొస్తె జర జల్ది ఇడిపియ్యి. బతికుండంగనే...