ఎల్లవ్వ కట్టిన పేలిక

ఎల్లవ్వ ఉన్నది సూడు, మంత్రసాని ఎల్లవ్వ, ఆమె చేతుల మీద ఊర్ల సగం మంది భూమ్మీద పడ్డరు. నేను పడ్డ. నవ్వకు, మీ అయ్య గూడ పడ్డడు. ఇప్పుడు కానుపులకు అందరు దవాఖానకే పోతున్నరు గాని, పసిపిల్లలకు నీళ్లు పోసుడు మాత్రం ఇంకా ఎల్లవ్వనే. గసోంటామె పేరు మీద మన్ను పోసిందెవరనుకున్నవ్? టీవీల సీరియల్! ఏమైందంటే, అండ్ల ఒక మంత్రసాని ఉంటదంట, నగలకు ఆశపడి పెద్దింటి బిడ్డను పేదింట్ల, పేదింటి బిడ్డను పెద్దింట్ల పెడతదంట. రాసినోనికి ఏం పోయింది? వాని బొడ్డు గూడ ఎవరో ఒకామెనే కోసి ఉంటది గదా!

తెల్లారి సత్తెవ్వ వాకిట్ల అదే ముచ్చట. పదిమంది ఆడోళ్లు చాటలు ఒడిల పెట్టుకొని బీడీలు చేస్తరు గదా, చేతులు ఆకు చుడుతయి, నోళ్లు సీరియల్ చుడుతయి. కోడలు మంచిగ ఏడ్చిందని ఒకామె అన్నదంట. ఆ మొగడు మా ఆయనకంటే మొద్దు అని ఇంకొకామె అన్నదంట. సత్తెవ్వ ఆకు కత్తిరించుడు ఆపి, మంత్రసానులను నమ్మద్దే, అన్నదంట. "నేను, మా తోడికోడలు ఒక్కనాడే, ఒక్కింట్లనే కన్నం. దాని కొడుకు పోలీసు నౌకరి తెచ్చుకున్నడు, నా భూమన్న బర్లు కాస్తుండు. ఆనాడు ఎల్లవ్వ ఏం జేసిందో ఎవరికెరుక?" అన్నదంట. ఎంత మాట అనుకో! భూమన్న గోడవతల బర్రెకు నీళ్లు పెట్టుకుంట అంతా ఇన్నడు. బకీటు కింద పెట్టి పోయిండు.

మాట ఒక్కకాడ ఆగుతదా? మర్నాడు ఎల్లవ్వ బాలింతింటికి నూనెగిన్నె పట్టుకొని పోతే, "వద్దులే అవ్వా, నీళ్లు మేమే పోసుకుంటం" అన్నరంట. నలబై ఏండ్ల సంది ఒక్క గడప గూడ ఆమెను ఆపలే. ఎందుకే బిడ్డా అంటే, ఆ బాలింత తల వంచుకొని సీరియల్ సంగతి, సత్తెవ్వ మాట, అంతా చెప్పేసింది. ఎల్లవ్వకు ఒళ్లు భగ్గుమన్నది. నూనె చేతులతోనే సీదా సత్తెవ్వ వాకిట్లకు పోయింది.

"ఏందే సత్తెవ్వా, నేను బిడ్డలను మార్చిన్నా? ఆ టీవీ డబ్బ ఎన్నడన్న బొడ్డు కోసిందా? కొయ్యకముందు నేనేం జేస్తనో మరిచినవా?" అన్నదంట. ఎల్లవ్వ పద్ధతి ఎట్లంటే, బొడ్డు కొయ్యకముందే తల్లి కొంగు చింపి, ఆ పేలికను రెండు ముక్కలు జేస్తది. ఒకటి తల్లి చేతికి, ఒకటి బిడ్డ నడుముకు కడతది. ఇరవై ఒకటో నాడు తనే విప్పి, రెండూ ముడేసి తల్లికిస్తది. తల్లి పెట్టెల దాచుకుంటది. పెట్టె తెరువు అన్నది ఎల్లవ్వ. సత్తెవ్వ కదలలే. అప్పటికే అరుగు కాడికొచ్చి నిలబడ్డ భూమన్ననే లోపలికి పోయి పెట్టెలున్న పేలిక ముడి తెచ్చిండు. ఎల్లవ్వ ముడి విప్పి చాట మీద పరిచింది. ఆకుపచ్చ పేలిక, చింపిన అంచుకు చింపిన అంచు, పోగుకు పోగు కలిసింది.

"ఇదెవరి చీరనే?"

"నాదే... నా పెండ్లి చీర."

"మీ తోడికోడలిది ఆనాడు ఎర్రది. వీడు నీ కొడుకే. నీకు ఇష్టమున్నా లేకున్నా నీ కొడుకే!"

సత్తెవ్వ బోరున ఏడ్చింది. కొడుకు దొరికినందుకో, పోలీసు కొడుకు పోయినందుకో, నేనెట్ల చెప్పాలె?

బాలింతింటోళ్లు వచ్చి బతిమిలాడితే ఎల్లవ్వ పోయింది, పసిగుడ్డు ఏం పాపం జేసిందని. సత్తెవ్వ ఇప్పుడేమంటదో తెల్సా? సీరియల్ల మంత్రసానికి పనే రాదు, పేలిక కట్టుడు తెల్వది, అందుకే గట్లయింది అంటది! సూసుడు మాత్రం బంద్ చెయ్యలే. భూమన్న ఆ పేలికను అంగీ జేబుల పెట్టుకున్నడు. ఆనాటి సంది బువ్వ ఎల్లవ్వ ఇంట్లనే తింటుండు. పేలిక కలిసింది సరే, వాని మనసు చినిగిందే, దాన్ని ఏ మంత్రసాని ముడేస్తది?