నీడ కాదని చెప్పిన కన్ను

1988 జూన్ 13, సోమవారం ఉదయం పది గంటలకు మా వంతెనల నిర్వహణ కార్యాలయంలో టైపిస్టుగా చేరిన ఇరవై మూడేళ్ల యువతి, ముప్పై ఏడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ నెలాఖరున సూపరింటెండెంటు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి నాలుగు మాటలు రాసే బాధ్యతను సహోద్యోగులు నాకు అప్పగించారు. ఇంజినీరుగా ఇరవై రెండేళ్లు వారితో కలిసి పనిచేసిన నాకు ఇది గౌరవం. ఇంతవరకూ ఎవరికీ చెప్పని ఒక కారణంచేత, కొంత ప్రాయశ్చిత్తం కూడా.

ఉద్యోగపు తొలి దశకంలోనే, కప్పు కారి తడిసి ముద్దయిన రికార్డు గదిలోని దస్త్రాలను కాగితం కాగితంగా విడదీసి, ఫ్యాను కింద ఆరబెట్టి, వంతెనల వారీగా మళ్లీ కుట్టించిన ఘనత వారిది. ఆ తర్వాత ఏ బీరువా తాళమైనా వారి దగ్గరే ఉండటంతో ‘తాళాల మేడం’ అన్న పేరు స్థిరపడింది. సీనియర్ అసిస్టెంటుగా, అనంతరం సూపరింటెండెంటుగా పదోన్నతి పొందినా, ఆ పేరుకు మాత్రం బదిలీ కాలేదు.

2008లో కార్యాలయానికి ఒక కెమెరా వచ్చింది. వంతెనల స్థితిగతులను చిత్రించి దస్త్రాలకు జతపరచాలని పైవారి ఉత్తర్వు. పాడైతే ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని అందరూ వెనకాడగా, తాళాలు ఎవరి దగ్గరుంటే కెమెరా వారిదేనని తీర్మానమైంది. మేడంగారు తీసిన మొదటి ఫోటోను అప్పటి ముఖ్య ఇంజినీరుగారు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంతకీ ఇది వంతెనా, గేదె వీపా?” అని అడిగారు. గదంతా నవ్వింది. వారూ నవ్వారు. ఆ సాయంత్రమే వీధి చివరి స్టూడియోకు వెళ్లి, దాని యజమాని అయిన పెద్దాయనను నేర్పమని అడిగారు. అప్పుడు వారి వయస్సు నలభై మూడు.

“కెమెరా బీరువాలోనే ఉండనివ్వండమ్మా,” అన్నాడట ఆయన. “ముందు కిటికీలో ఓ స్టీలు గ్లాసు పెట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దాని నీడ ఎటు పోతోందో నెలరోజులు చూడండి. అప్పుడు రండి.”

మేడంగారు తు.చ. తప్పకుండా పాటించారు. మూడోరోజుకే వారి అత్తగారికి అనుమానం వచ్చింది.

“ఆ గ్లాసులో ఏముందమ్మా, అంతసేపు చూస్తున్నావ్?”

“వెలుతురు ఉందత్తయ్యా.”

“వెలుతురు తర్వాత చూద్దువుగానీ, ముందు అందులో కాసిని కాఫీ పొయ్యి.”

నెల గడిచాక పెద్దాయన కెమెరా పట్టుకోనిచ్చాడు. లెన్సును ఎంత తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో రెండేళ్లపాటు ఓర్పుతో నేర్పాడు. మేడంగారు సొంతానికి ఒక పాత కెమెరా కొనుక్కుని, ప్రతి ఆదివారం నది మీది రాతి వంతెన దగ్గరకు వెళ్లసాగారు. దాని స్తంభాలకు మట్టిగూళ్లు కట్టుకునే చిన్న పిట్టలంటే వారికి ప్రాణం. లెక్కల మాస్టారైన వారి శ్రీవారు స్టాండు మోసుకుని వెంట వెళ్లేవారు. మొదటి ఏడాది ఫోటోలన్నిటా ఖాళీ గూళ్లే. ఒకదానిలో కాస్త తోక కనిపిస్తే, “పోనీలే, ఈసారి పావువంతు పిట్ట పడింది,” అని మాస్టారుగారు సంతోషించేవారట.

2016 ఫిబ్రవరిలో ఒక సోమవారం మేడంగారు రెండు ఫోటోలు నా బల్ల మీద పెట్టారు. ఒకే గూడు, ఏడాది తేడా. గూటి పక్కన, మూడో స్తంభం మీద, పాత ఫోటోలో లేని సన్నని నల్లగీత కొత్తదానిలో ఉంది.

నేను సరిగా చూడనైనా చూడలేదు. “అది నీడ మేడం. మీరు పిట్టల్ని చూసుకోండి, వంతెన సంగతి మేం చూసుకుంటాం,” అన్నాను.

వారు మరుసటి సోమవారం మూడు ఫోటోలు తెచ్చారు. ఆదివారం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి.

“నీడైతే కదలాలి కద సార్. ఇది కదల్లేదు.”

ఆ మధ్యాహ్నమే నిచ్చెన వేయించి పైకెక్కాను. నా జేబులోని ఉక్కు స్కేలు ఆ గీతలోకి సగం దాకా దిగిపోయింది. రోజూ పిల్లల బస్సులు పోయే వంతెన అది. సాయంత్రానికల్లా రాకపోకలు ఆపించాం. ప్రవాహపు కోతకు పునాది రాయి కదిలిందని తేలింది. నాలుగు నెలలు చుట్టుదారిన పోతూ ఊరంతా మమ్మల్ని తిట్టుకుంది. కానీ ఒక్క ప్రాణానికీ ముప్పు వాటిల్లలేదు.

ఇక నా ప్రాయశ్చిత్తం. నివేదికలో నేను ‘తనిఖీలో పగులు వెల్లడైనది’ అని రాశాను. ఎవరి తనిఖీయో రాయలేదు. ఆ నివేదిక నియమానుసారం మేడంగారి బల్ల మీదుగానే వెళ్లింది. చదివి, “ఒక్క అక్షరదోషం ఉంది సార్, సరిచేశాను,” అని పంపించేశారు. నాకు ప్రశంసాపత్రం వచ్చిన రోజున అందరికంటే ముందు చప్పట్లు కొట్టిందీ వారే. తొమ్మిదేళ్ల తర్వాత, వారి కుటుంబ సభ్యుల, సహోద్యోగులందరి ఎదుట సవినయంగా నమోదు చేస్తున్నాను: ఆ పగులును కనుగొన్నది మేడంగారు. నేను కాదు.

ఇలా రాస్తున్నానని గతవారం వారికి చెప్పి, అప్పుడు బాధ కలగలేదా అని అడిగాను.

“రెండ్రోజులు కోపమొచ్చింది సార్, అబద్ధమెందుకు? ఆ తర్వాత రిపేరు అయ్యాక వెళ్లి చూస్తే పిట్టలు మళ్లీ గూడు కట్టుకుంటున్నాయి. ఇక కోపం గుర్తుపెట్టుకోవడం నావల్ల కాలేదు.” తర్వాత అన్నారు: “రిటైరయ్యాక మనుషుల్ని తీయడం నేర్చుకుంటా. వాళ్లను తీయాలంటే ఇప్పటికీ చేయి వణుకుతుంది.”

“మనుషులంటే భయమేంటి మేడం?”

“పిట్ట ఇష్టం లేకపోతే ఎగిరిపోతుంది. మనుషులు మొహమాటానికి కూర్చుంటారు.”

అత్యున్నత విలువలతో, మృదుభాషణంతో, అలుపెరుగని జిజ్ఞాసతో మా అందరి మన్ననలందుకున్న మేడంగారికి చూపు చురుకుదనం తగ్గకుండా, మోకాళ్లు నది ఒడ్డు దిగడానికి నిరాకరించకుండా, శ్రీవారి తోడు, బిడ్డల ఆప్యాయత నిండుగా, నూరేళ్ల ఆయురారోగ్యాలు చేకూరాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. విరమణ తర్వాత వచ్చే ఆదివారం వారి కెమెరా ముందు మొట్టమొదట కూర్చునేది నేనే. మొహమాటానికి కాదు, ఇష్టపడి.