కాయితం మీద మాట

వెయ్యి తొమ్మిదివందల ఎనభై నాలుగు, అక్టోబరు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, ప్లేనో ఊరికి పాతిక మైళ్ళ అవతల, కేథలిక్ సిస్టర్లు నడిపే ఆసుపత్రి. మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దున్నుంచీ కాలు నిలవకుండా తిరిగిన నర్సు దెబోరా కాఫీ మెషీన్ పక్క కుర్చీలో కూలబడింది. ఎదురుగా జగన్మోహన్, ఆఫీసు బ్యాడ్జీ ఇంకా చొక్కాకే ఉంది. హాలు చివరి గదిలో అతని భార్య వసుమతి, అయిదో నెల. దెబోరా అతనికి చెప్పాల్సినవి రెండు మాటలు. మొదటిది మొదలుపెట్టి పది నిమిషాలైనా ముందుకు సాగడం లేదు. రెండోది చెప్పాలో వద్దో ఆవిడే ఇంకా తేల్చుకోలేదు.

"అది కాదు సిస్టర్, బిడ్డ గుండె కొట్టుకుంటున్నది కదా. డాక్టర్ నాకు గూడ వినిపించిండు."

"ముందు నన్ను సిస్టర్ అనడం మానండి బాబూ. మన దగ్గర నర్సుని సిస్టర్ అంటాం. ఇక్కడ సిస్టర్ అంటే ఈ ఆసుపత్రిని నడిపే ఆ తెల్లముసుగు పెద్దావిడ. ఇందాక మీరు హాల్లో సిస్టర్, సిస్టర్ అని పిలుస్తుంటే ఆవిడ ఆఫీసులోంచి లేచొచ్చింది."

"మరేమనాలె?"

"అక్కా అనండి. మీకన్నా పదిహేనేళ్ళు పెద్దదాన్ని. మాది చీరాల."

"మాది హనుమకొండ. అక్కా, గుండె కొట్టుకుంటున్నదా లేదా? అదొక్కటి చెప్పండి."

"కొట్టుకుంటోంది."

"మరి?"

"మరి ఉమ్మనీరు పొద్దున ఏడింటికే పోయింది కదా. కొంచెం కాదు, మొత్తం పోయింది."

"మళ్ళ ఊరదా? మా ఆఫీసుల ఒకామె చెప్పింది, వాళ్ళ చెల్లెకు బెడ్ రెస్ట్ ఇస్తే అంత సర్దుకున్నదట."

"ఆ చెల్లెలికి ఎన్నో నెల?"

"ఏమో. అడగలే."

"ఏడో ఎనిమిదో అయ్యుంటుంది. వసుమతికి పద్దెనిమిది వారాలు. ఆ నీళ్ళల్లో ఉంటేనే బిడ్డకి ఊపిరితిత్తులు తయారయ్యేది. అవి పోయాయి. ఈ బిడ్డ బతకదు బాబూ. ఇరవై రెండేళ్ళు ఈ పనిలో ఉన్నాను. ఇంత తక్కువ వారాల్లో నీళ్ళన్నీ పోయాక బతికింది నేను ఒక్కదాన్నీ చూడలేదు."

"ఇంకోసారి అనకండి ఆ మాట."

"అనను. ఒక్కసారి అనడానికే పొద్దున్నుంచీ తిరుగుతున్నాను."

"కాఫీ తాగుతరా? తెస్త."

"కూర్చోండి. మీరు లేస్తే మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి. నాకంత ఓపిక లేదు."

"బతకదని డాక్టర్‌కు గూడ తెలుసా?"

"తెలుసు."

"తెలిస్తే ఎందుకు ఊకున్నడు? చూద్దాం, చూద్దాం అంటడు. ఏం చూస్తున్నరు?"

"గుండె ఆగడం కోసం చూస్తున్నారు. అది ఆగితేనే నొప్పుల మందు పెడతారు. ఆగకపోతే తల్లి ఒంట్లో విషం పాకినట్టు కనబడాలి, జ్వరం, నాడి, రక్తపరీక్ష, అన్నీ. రెంట్లో ఏదో ఒకటి జరిగేదాకా చెయ్యి వెయ్యకూడదని ఈ ఆసుపత్రి రూలు."

"విషం పాకాలెనా? పాకేదాక ఆగుతరా?"

"ఆగుతారు."

"అమెరికాల కడుపు తీయించుకోవచ్చని చట్టం ఉన్నది కదా అక్కా."

"ఉంది. పదకొండేళ్ళయింది. ఇష్టం లేని చర్చి ఆసుపత్రులు చెయ్యనక్కర్లేదని కూడా సర్కారే ఒప్పుకుంది. గేటు దాటి బయటికెళ్తే ఒక రూలు, లోపల ఇంకో రూలు."

"మీరు గూడ చర్చికి పోతరు కదా?"

"ప్రతి ఆదివారం పోతాను. మాది వేరే చర్చి. కడుపులో బిడ్డని తీసేయించుకోవడం నాకూ నచ్చదు, అబద్ధమెందుకు. కానీ ఇది అది కాదు. ఇదే ఫ్లోరులో రెండేళ్ళ కిందట లూపే అని ఒక మెక్సికో అమ్మాయి. ఇరవై మూడేళ్ళు. ఇలాగే నీళ్ళు పోయి వచ్చింది. ఒకటిన్నర రోజు ఆగాం. గుండె ఆగలేదు, విషమే ముందొచ్చింది. వచ్చాక ఏ మందూ పట్టలేదు."

"పోయిందా?"

"ఆ అమ్మాయి చెప్పులు నేనే సంచీలో పెట్టి వాళ్ళమ్మ చేతికిచ్చాను. ఎర్ర చెప్పులు. కొత్తవి."

"నాకెందుకు చెప్తున్నరు ఇదంత?"

"ఎందుకో మీకు అర్థమైంది."

"వసుకు జ్వరం లేదు కదా. పొద్దున లేదు."

"పదింటికి తొంభై తొమ్మిది. పన్నెండింటికి నూరు. ఇందాక చూస్తే నూరున్నర."

"నూరున్నర ఎక్కువ కాదు. ఫ్లూ వస్తే నాకు నూట మూడు వచ్చింది."

"ఇది ఫ్లూ కాదు బాబూ."

"మరి వేరే ఆసుపత్రికి పంపొచ్చు కదా. డాలస్‌ల పెద్దాసుపత్రి ఉన్నది. నలభై నిమిషాలు."

"లూపే పోయాక మా డాక్టర్ చేస్తున్నది అదే. ఆయన మంచివాడే, పిరికివాడు గానీ మంచివాడు. నెలలు నిండకుండా నొప్పులు వస్తున్నాయి, పెద్దాసుపత్రికి పంపుతున్నాం అని రాసి అంబులెన్స్ ఎక్కించేవాడు. అక్కడ దిగాక వాళ్ళు చేయాల్సింది చేసేవాళ్ళు. సిస్టర్‌కి తెలుసు. చూసీచూడనట్టు ఊరుకునేది. అలా అయిదుగురిని పంపాం. అయిదుగురూ బాగున్నారు. ఒకామె మళ్ళీ కని, కిందటి క్రిస్మస్‌కి ఆ పిల్లాణ్ణి ఎత్తుకుని కేకు పట్టుకొచ్చింది."

"మరి మమ్మల్ని పంపరేంది? మేం ఇండియా వాళ్ళమనా?"

"కాదు. మీ కాయితం మీద వేరే మాట పడింది."

"ఏం మాట?"

"అబార్షన్."

"అవును, అబార్షన్ అయ్యేటట్టు ఉన్నది కదా. అంతే కదా."

"అదిగో. మీరూ అదే అన్నారు."

"అంటే?"

"మనకి అబార్షన్ అయింది అంటే దానంతట అది పోయిందని. చీరాల్లో అయినా, హనుమకొండలో అయినా. వైద్యం పుస్తకంలోనూ అదే మాట. కానీ ఇక్కడ మామూలు జనానికి దానికి ఒకటే అర్థం, కావాలని చేయించుకోవడం. దానంతట అది పోతే వీళ్ళు మిస్‌క్యారేజ్ అంటారు."

"మాటే కదా అక్కా. అర్థం చెప్తే పాయె."

"వినండి. కాయితంలో ముందొక అబార్షన్, ఇప్పుడు రెండోది అని ఉంది. సిస్టర్ అది చదివి తిన్నగా వసుమతి దగ్గరికెళ్ళింది. మొదటిది ఎవరు చేశారమ్మా అని అడిగింది. వసుమతి డాక్టరమ్మ అంది."

"వరంగల్ల డాక్టరమ్మ. కడుపు పోయినంక క్లీన్ చేసింది. పోయినంక. మా అమ్మ తీస్కపోయింది."

"నాకు తెలుసు. సిస్టర్‌కి తెలియదు. ఇది కూడా ఎక్కడో సగం చేయించుకుని వచ్చారని ఆవిడ అనుమానం. డాలస్ పంపితే మిగతా సగం మన చేత్తో చేయించినట్టే అంది. ట్రాన్స్‌ఫర్ మీద సంతకం పెట్టొద్దని డాక్టర్‌తో చెప్పేసింది."

"అందుకేనా పొద్దటి నుంచి అందరు నన్ను గట్ల చూస్తున్నరు."

"అందుకే."

"అక్కా."

"ఊఁ."

"నేనే అన్న."

"ఏమని?"

"పొద్దుగాల ఇంటి నుంచి ఫోన్ చేసిన. ఇక్కడ ఎత్తినామెతో అన్న, మై వైఫ్ ఈజ్ హావింగ్ అబార్షన్, వియ్ ఆర్ కమింగ్ అని. గట్టిగ అన్న. నేనే అన్న అక్కా."

"ఇప్పుడవన్నీ ఎందుకు."

"ఎందుకంటే ఏంది, నా నోటితోనే కదా అయింది. ఎనిమిదేండ్లు ఈ దేశంల ఉంటున్న. ఎంఎస్ చేసిన. ఒక మాట తెల్వలే నాకు."

"పోనివ్వండి బాబూ. ముందు సంగతి చూద్దాం."

"దిద్దొచ్చు కదా కాయితం? రాసినోళ్ళను పిలవండి. వాళ్ళతోని నేను మాట్లాడత."

"రాసినవాళ్ళు సిస్టర్‌కి చెప్పారు. పొరపాటైంది, మా అర్థం వేరు అని చెప్పారు."

"ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నారు. లాభం లేకపోయింది. వాళ్ళని వెనకేసుకొస్తున్నావు అంది. ఏదున్నా కమిటీ చూస్తుంది అంది. ఇద్దరు డాక్టర్లు, ఒక ఫాదర్, ఆవిడ. అయిదున్నరకి."

"అయిదున్నర అంటే ఇంక మూడు గంటలే. ఆగుదాం అక్కా. వాళ్ళకు మంచిగ చెప్తే వింటరు."

"వినొచ్చు. వినకపోవచ్చు. విన్నా అప్పుడు ఫోన్లు, కాయితాలు, అంబులెన్స్. రాత్రవుతుంది. వసుమతికి మూడు గంటలున్నాయని నేను చెప్పలేను."

"మరి ఏం చేయమంటరు?"

"ఒక ఫారం ఉంది. డాక్టర్ చెప్పినా వినకుండా నా ఇష్టంతో వెళ్ళిపోతున్నాను అని. వసుమతి సంతకం పెట్టాలి, పక్కన మీరు. పెట్టాక ఎవరూ ఆపలేరు. మీ కార్లోనే తీసుకెళ్ళండి."

"డాక్టర్ మాట కాదని సంతకమా? గ్రీన్ కార్డ్ పేపర్స్ నడుస్తున్నయి అక్కా. రేపు ఎవరన్న అడిగితే?"

"ఆసుపత్రి ఫారానికీ దానికీ సంబంధం లేదు."

"దారిల ఏమన్న అయితే? నేను కార్ నడుపుతుంట, ఆమె ఎనక ఉంటది..."

"అవ్వచ్చు. ఇక్కడ కూర్చున్నా అవ్వచ్చు. డాలస్‌లో డాక్టర్ రాధారాణి అని మనావిడే ఉంది. కింద పే ఫోన్ నుంచి మాట్లాడాను. ఎమర్జెన్సీ తలుపు దగ్గర స్ట్రెచర్ పెట్టుకుని నిలబడతానంది."

"అంటే మీరు అంత ముందే చేసిన్రు."

"చేశాను."

"గుండె కొట్టుకుంటున్నదక్కా. నేను విన్న. గుర్రం ఉరికినట్టు కొట్టుకుంటున్నది. అది కొట్టుకుంటుంటే వసును తీస్కపోయి... నేనే చంపినట్టు కాదా?"

"కాదు. మీరేం చంపడం లేదు. నీళ్ళు పోయినప్పుడే అయిపోయింది బాబూ. మనకిప్పుడు మిగిలింది వసుమతి ఒక్కతే."

"ఆమెకు బాగనే ఉన్నది. ఇందాక అడిగిన. బాగనే ఉన్న అన్నది."

"మీతో అలాగే అంటుంది."

"అంటే?"

"చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

"ఏం చెప్పొద్దని? అక్కా, ఏం చెప్పొద్దన్నది?"

"చలేస్తోందని. పన్నెండున్నర నుంచి వణుకుతోంది. నాలుగు దుప్పట్లు కప్పాను. మీ అడుగు చప్పుడు వినగానే పళ్ళు బిగబట్టుకుంటోంది."

"నాకు చెప్పలే."

"ఆ గుండె చప్పుడు విని మీరు నవ్వారట. మొదటిది పోయాక రెండేళ్ళకి మళ్ళీ అలా నవ్వారట. అది చెడగొట్టబుద్ధి కాలేదంది."

"ఫారం ఎక్కడున్నది?"

"నా జేబులో ఉంది. పొద్దున పదకొండు నుంచీ."

"పెన్నియ్యండి."

"ఇదిగో, ఇక్కడ పెట్టండి. పెట్టేసి వెళ్ళి కారు పక్క తలుపు దగ్గరికి తెండి. మెయిన్ డోర్ కాదు, లాండ్రీ వైపు. వెనక సీటు ఖాళీ చేయండి. వసుమతి చేత సంతకం పెట్టించి వీల్‌ఛైర్‌లో నేను తెస్తాను."

"మీ ఉద్యోగం?"

"కారు తెండి."

లాండ్రీ వైపు తలుపు దగ్గర జగన్మోహన్ స్టేషన్ వాగన్ కారు ఆగి ఉంది. వసుమతి వెనక సీట్లో దుప్పట్ల మధ్య కళ్ళు మూసుకుని పడుకుంది.

"నూట ఒకటిన్నర. ఇప్పుడే చూశాను. హైవే ఎక్కాక ఎక్కడా ఆపకండి."

"ఆపను."

"పోలీసు ఆపితే ఎమర్జెన్సీ అని చెప్పండి. ఇంకే మాటా చెప్పకండి."

"ఇంకే మాటా చెప్పను. ఈ జన్మల ఆ మాట మళ్ళ నా నోట రాదు. అక్కా, మీరు లోపలికి పోండి. సిస్టర్ కిటికీల నుంచి చూస్తున్నది."

"చూడనివ్వండి. కొంచెం జరపండి వసుమతి కాళ్ళ దగ్గరి ఆ పెట్టెని, నేను వెనక కూర్చుంటాను."

"మీరా? డ్యూటీల ఉన్నరు కదా. ఇట్ల మధ్యల వస్తే తీసేస్తరు."

"తీసేస్తారు."

"వద్దక్కా. ఇప్పటికే మీరు చాన చేసిన్రు. చేసింది నేను, పడేది నేను. నయమైనంక వసుకు గూడ చెప్పేస్త, నా నోటి మాటతోనే నీకు ఇంత అయిందని."

"చెప్పకండి."

"చెప్పాలె. దాస్తే నాకు నిద్ర రాదు."

"చెప్పకండి, ఎందుకంటే అది నిజం కాదు. ఫోన్‌లో మాటలు ఇక్కడెవరూ రాసిపెట్టరు బాబూ. పొద్దున మీరు కారు పార్క్ చేస్తుంటే ఈమెకి నొప్పిలో ఇంగ్లీషు రాలేదు. మాట్లాడమని నన్ను పిలిచారు. కడుపు పోతోందక్కా, ఇంతకుముందు కూడా ఒకటి పోయింది అంది. పధ్నాలుగేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఆ మాటకి ఇక్కడ ఏం అర్థమో మీకు తెలియకపోయినా నాకు తెలుసు. తొందర్లో, గుంటూరు ట్రైనింగ్‌లో నేర్పినట్టే అబార్షన్ అని రాసేశాను. మీరు నేనే అన్న, నేనే అన్న అని ఏడుస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ కాయితం మీద చేతిరాత నాది. ఇక పోనివ్వండి."